రొయ్య తిన్నంతే మేత: వనామీ గుంటలో రోజువారీ పద్ధతి

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు వనామీ రకం రొయ్య పెంచే ఏ గుంట గట్టు మీద నిలబడి అడిగినా ఒకటే లెక్క చెబుతారు. పంటకి పెట్టిన డబ్బులో సగం, ఒక్కోసారి సగానికి పైన, మేతకే పోయిందంటారు. సీడు (గుంటలో దించే రొయ్య పిల్ల), కరెంటు, డీజిలు, మందులు, కూలి అన్నీ కలిసి మిగతా సగంలో సర్దుకోవాలి. రొయ్య రేటు మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకుపోతే ఆ దెబ్బ ఇక్కడ గట్టు మీద రైతుకి తగిలింది. వాన, ఎండ కూడా మన మాట వినవు. బస్తా విప్పి ఈ పూట ఎంత వేయాలో తేల్చేది మాత్రం మనమే.

కొత్తగా గుంట లీజుకి తీసుకున్నవాళ్ల కోసం, రెండు మూడు పంటలు తీసినా మేత చార్టు తప్ప వేరేది చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేత రొయ్యకి వేయాలి, గుంటకి కాదు. ఒక పూట తక్కువ పడితే రొయ్య కాస్త ఆలస్యంగా పెరుగుతుంది, అంతే. ఒక వారం ఎక్కువ పడితే గుంట అడుగు చెడిపోతుంది. చెడిన అడుగుని ఆ పంటలో మళ్లీ దారికి తేవడం చాలా కష్టం.

ఎందుకంటే, మేతలో మనం డబ్బు పెట్టి కొనేది ప్రోటీన్. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేత 100 కిలోలు వేస్తే 5.6 కిలోల నత్రజని గుంటలోకి పోయినట్టు. అంతా రొయ్యే తిన్నా ఒంటికి పట్టేది అందులో పావు వంతు నుంచి మూడో వంతు లోపే. మిగతా నాలుగు కిలోల దాకా రెట్టగా, అమ్మోనియాగా నీళ్లలోనే ఉంటుంది. మేత చక్కగా తిన్నప్పటి లెక్క ఇది. తినకుండా మిగిలిందైతే మొత్తానికి మొత్తం అడుక్కి చేరి కుళ్లుతుంది.

సీడు దించక ముందు

మేత పని సీడుతో మొదలుకాదు, నీళ్ల రంగుతో మొదలవుతుంది. రొయ్య పిల్లని పుట్టించే హేచరీ నుంచి వచ్చిన పిల్ల మొదటి రెండు వారాలు గుంటలో దొరికే సన్న నాచు, సన్న జీవులు, అంటే ప్లాంక్టన్‌ని, అడుగున తిరిగే సన్న పురుగుల్నే ఎక్కువగా తింటుంది. మనం చల్లే పొడి మేత దానికి తోడు మాత్రమే. అందుకని నీళ్లు పెట్టి శుద్ధి చేశాక తవుడు, బెల్లం, ఈస్టు కలిపి డ్రమ్ములో ఒకటి రెండు రోజులు పులియబెట్టి, ఆ రసాన్ని గుంటంతా చల్లండి. వేరుశనగ పిండి కూడా కలిపేవాళ్లున్నారు. రెండు మూడు రోజులకోసారి చల్లుతూ పోతే ప్లాంక్టన్ పెరిగి నీళ్లకి లేత ఆకుపచ్చో, లేత గోధుమో రంగు తిరుగుతుంది.

రంగు చాలినంత వచ్చిందా లేదా చూడటానికి పరికరం లేకపోతే చెయ్యి చాలు. మోచేతి దాకా నీళ్లలో పెట్టి అరచెయ్యి చూడండి. వేళ్లు మసకగా కనబడుతుంటే సరిపోయింది. తేటగా కనబడితే ఇంకా రాలేదు, సీడు తొందరపడి దించకండి. తేట నీళ్లలో దించి, పిల్లకి ఆకలి అవుతుందని మేత ఎక్కువ చల్లడం మన వైపు చాలామంది చేసే మొదటి తప్పు.

బస్తా చూసి తీసుకోవడం

అప్పుకి ఇస్తున్నారని ఏ మేతంటే అది దించుకోకండి. 2020లో మన రాష్ట్రం చేపలు, రొయ్యల మేత నాణ్యతకి విడిగా ఒక చట్టమే తెచ్చింది. కాబట్టి బిల్లు అడిగి తీసుకోండి, బస్తా మీది బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మేతలో తేడా వస్తే మాట్లాడటానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే. తయారై మూడు నెలలు దాటింది వద్దు. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రెండు నెలల లోపుదైతే ఇంకా మంచిది.

విప్పిన బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీయండి. ఎండు చేపల వాసన రావాలి. నూనె మురిగిన వాసన, బూజు వాసన వస్తే ఆ బస్తా వెనక్కి పంపండి. బూజు పట్టిన మేత రొయ్య కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తరవాత గాజు గ్లాసులో గుంట నీళ్లు తీసుకుని ఇరవై గింజలు వేయండి. పది నిమిషాలకే విచ్చిపోతే అది మేత కాదు, నీళ్లకి వేసే ఎరువు. రెండు గంటల తరవాత కూడా గింజ ఆకారం నిలిచి, వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే రొయ్య చేపలాగా మేతని మింగదు. వాసన పట్టి గింజ దగ్గరికి వచ్చి, ముందు కాళ్లతో పట్టుకుని, తిప్పుకుంటూ కొరుక్కు తింటుంది. ఒక గాజు తొట్టిలో నాలుగు రొయ్యలు వేసి ఒకసారి చూడండి. ఒక్క గింజతో అది ఎంతసేపు కుస్తీ పడుతుందో చూస్తే, గింజ గట్టిగా ఎందుకుండాలో, మేత ఒక్కసారే ఎందుకు గుమ్మరించకూడదో రెండూ అర్థమవుతాయి.

బస్తాలు చెక్కల మీద పేర్చండి, గోడకి ఆనించకండి, ఐదారుకి మించి ఎత్తు పెట్టకండి. రేకుల షెడ్డయితే పైన తాటాకో కొబ్బరాకో కప్పించండి. అడుగు బస్తాల్లో పొడి రాలుతుంది కాబట్టి చల్లే ముందు జల్లెడ పట్టండి. ఆ పొడి రొయ్య నోటికి అందదు.

మొదటి నెల

ఈ నెలంతా గుడ్డి లెక్కే. పిల్ల ఎంత బతికిందో తెలియదు, మేత తింటోందో లేదో చూడటానికి నీళ్లలో దించే వల పళ్లెం, అంటే చెక్ ట్రేలోకీ సరిగా ఎక్కదు. లక్ష పిల్లకి మొదటి రోజు కిలోన్నర నుంచి రెండు కిలోలు, ఒకటో నంబరు పొడి మేత. మొదటి వారం రోజుకి 200 గ్రాములు పెంచుతూ పోండి. రెండో వారం నుంచి రోజుకి 300 నుంచి 400 గ్రాములు. అట్లా పోతే 30వ రోజుకి లక్షకి పది పన్నెండు కిలోల దగ్గరికి వస్తారు. నీళ్ల రంగు బాగా నిలిచి ఉంటే ఈ లెక్కలో ఇరవై శాతం తగ్గించినా నష్టం లేదు. నేను తగ్గించే వేస్తాను.

పొడిని అట్లాగే చల్లితే గాలికి ఒక మూలకి కొట్టుకుపోతుంది. బకెట్లో కొద్ది నీళ్లతో తడిపి, ఐదు నిమిషాలు నాననిచ్చి చల్లండి, మునుగుతుంది. చిన్న పిల్ల గట్టు వారనే తిరుగుతుంది. అందుకని గట్టు చుట్టూ, రెండు మూడు మీటర్ల లోపలికి పడేలా వేయండి. రొయ్య పెరిగే కొద్దీ లోపలికి జరుగుతూ పోవాలి. రోజుకి రెండు మూడు పూటలతో మొదలుపెట్టి, నెల నిండేసరికి నాలుగు పూటలకి తెచ్చుకోవచ్చు.

ఇరవయ్యో రోజు నుంచే ట్రేలు కట్టి గుప్పెడు మేత వేస్తూ ఉండండి. లెక్క కోసం కాదు, రొయ్యకి ట్రే అలవాటు కావడానికి.

చెక్ ట్రే కట్టడం

ఎకరా గుంటకి కనీసం రెండు, నాలుగుంటే నిశ్చింత. రెండున్నర అడుగుల చదరం, అంచు నాలుగు వేళ్ల ఎత్తు, సన్న కన్ను వల. ట్రే అడుగుకి తగలకుండా జానెడు లోపు పైన ఉండాలి. వాలు మీద కాదు, చదునుగా ఉన్న చోట కట్టండి. ఒకటి తూము దగ్గర, ఒకటి గాలి తట్టే గట్టు వైపు, ఒకటి మూలకి దూరంగా, ఇట్లా రకరకాల చోట్ల పెట్టండి. నీళ్లని చిలికి ఆక్సిజన్ కలిపే ఏరేటరు ఎదురుగా మాత్రం పెట్టకండి.

ఈ చివరి మాట నాకు ఒక పంట నేర్పింది. ఆ వేసవి పంటలో రొయ్య బాగా పెరుగుతోంది, అరవై రోజులకే వంద కౌంటు దాటింది (కౌంటు అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, అది తగ్గే కొద్దీ రొయ్య పెద్దది). ట్రేలు రెండే ఉండేవి, రెండూ నడక చెక్క పక్కనే, పని తేలికవుతుందని అట్లా కట్టించాను. ఏరేటర్లు పెంచినప్పుడు కొత్త ఏరేటరు ఆ చెక్కకి ఎదురుగా పడింది. అప్పటి నుంచి ప్రతి పూటా ట్రే ఖాళీ. మేత ఇచ్చే అంగడి తరఫున వచ్చిన కుర్రాడు చూసి, ఆకలి మీదుంది, ఇంకా పెంచండన్నాడు. పది రోజులు పెంచుతూ పోయాను. పన్నెండో రోజు తెల్లవారుజామున గట్టు కాపలా మనిషి ఫోన్ చేసి, "అన్నా, రొయ్య పైకొచ్చి తిరగతా ఉండాది" అన్నాడు. వెళ్లి కాలితో అడుగు కదిలిస్తే నల్లటి బురద, కుళ్లిన గుడ్ల వాసన. ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆ ట్రేలో గుప్పెడు మేత వేసి ఏరేటరు ఆడించి చూశాను. అరగంటకి తీస్తే మేత లేదు, రొయ్యా లేదు. నీళ్ల విసురుకి గింజలు ఎగిరిపోతున్నాయి. ఖాళీ ట్రేని నేను ఆకలి అనుకున్నాను. డెబ్బై కౌంటులోనే పట్టుబడి పట్టేశాం, అంటే గుంటలో రొయ్యంతా తీసేశాం.

కాబట్టి ట్రే ఖాళీగా ఉన్నంత మాత్రాన మేత పెంచకండి. ట్రేలో రొయ్య ఉండాలి, ఆ రొయ్య కడుపు నిండి ఉండాలి, దాని రెట్ట ట్రేలో కనబడాలి. మూడూ ఉంటేనే తిన్నట్టు. రెట్ట లేని ఖాళీ ట్రేని నమ్మకండి. పీత ఎక్కినా, చిన్న చేపలు చేరినా ట్రే అట్లాగే ఖాళీ అవుతుంది.

ట్రే చూడటం, మేత తేల్చడం

ఆ పూట గుంటలో వేసే మేతలో కిలోకి రెండు నుంచి నాలుగు గ్రాముల చొప్పున ఒక్కో ట్రేలో వేయండి. చిన్న రొయ్యకి రెండు, పెద్దదయ్యే కొద్దీ నాలుగు. ఎనిమిది కిలోలు వేసే పూట, పది గ్రాముల రొయ్యకి మూడు గ్రాముల లెక్కన ట్రేకి 24 గ్రాములు. కంటి కొలతతో వేయకండి. వంటింట్లో వాడే చిన్న కాటా తెచ్చి గట్టు మీద పెట్టుకోండి. ట్రే మేత గుంటంతా చల్లాక చివర్లో వేయాలి. ముందే వేస్తే చుట్టుపక్కల రొయ్యంతా ట్రేకే ఎగబడి తప్పుడు లెక్క వస్తుంది.

ఎప్పుడు తీయాలన్నది రొయ్య సైజు మీద ఉంటుంది. నెల నుంచి నెలన్నర దాకా రెండున్నర గంటలకి, పది పదిహేను గ్రాముల రొయ్యకి రెండు గంటలకి, ఇరవై దాటితే గంటన్నరకి, ఇంకా పెద్దదైతే గంటకి. నెమ్మదిగా, నీళ్లు పొర్లకుండా పైకి తీయండి. విసురుగా లాగితే రొయ్య ఎగిరిపోతుంది, మిగిలిన మేత జారిపోతుంది.

పైకి తీశాక ముందు మేత చూడండి. ఏమీ మిగలకుండా, రొయ్య కడుపు నిండుగా ఉంటే రేపు అదే పూట ఐదు శాతం పెంచొచ్చు, పది దాటొద్దు. నాలుగు గింజలు అక్కడక్కడా ఉంటే అదే కొనసాగించండి. అన్నిటికన్నా మంచి స్థితి అది. పావు వంతు లోపు మిగిలితే వచ్చే పూట పది పదిహేను శాతం తగ్గించండి. పావు దాటితే ముప్పై శాతం. సగం మిగిలిందంటే వచ్చే పూట మేతే వేయకండి, కారణం వెతకండి. నాలుగు ట్రేల్లో మూడు ఒక మాట, ఒకటి ఇంకో మాట చెబితే ఆ ఒక్కదాని కింద అడుగు చూడండి. బురద పేరుకుని ఉంటుంది.

తరవాత రొయ్య చూడండి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. వీపు మీద తల దగ్గర నుంచి తోక దాకా ఒక గీత కనబడుతుంది, అదే పేగు. మేత రంగులో, గోధుమగా, తెగకుండా ఉంటే మన మేత తింటోంది. నల్లగా, ముదురు ఆకుపచ్చగా ఉంటే అడుగున దొరికింది ఏరుకు తింటోంది, అంటే మేత చాలడం లేదు. ఎరుపు తిరిగితే చచ్చిన రొయ్యని తింటోంది, గుంటలో ఎక్కడో చావు మొదలైంది. తెల్లబడితే, ముక్కలు ముక్కలుగా తెగి ఉంటే పేగుకి జబ్బు. ఈ ఒక్క గీతని రోజూ చూసే అలవాటుంటే సగం పరీక్షలు గట్టు మీదే అయిపోతాయి.

రెట్టని కూడా వదలకండి. సన్న దారాల్లా, మేత రంగులో, మునిగి ఉండాలి. తెల్లటి దారాలు గాలి కొట్టే మూలలో తేలుతుంటే ఆ రోజే మేత సగానికి దించండి. రొయ్యని ల్యాబులో పీసీఆర్ పరీక్షకి పంపి, ఎదుగుదలని ఆపే పరాన్నజీవి ఈహెచ్‌పీ ఉందేమో చూపించండి, అడుగు శుభ్రం చేసే పని మొదలుపెట్టండి. ఆ సమయంలో ఆకలిగా ఉందేమోనని జాలిపడి మేత వేయడం రొయ్యకి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాకి మేత వేయడమే.

వారానికోసారి వల

ట్రే రోజు లెక్క చెబుతుంది, వల వారం లెక్క చెబుతుంది. నలభై రోజుల తరవాత వారానికోసారి, ఒకటే రోజు, ఒకటే వేళ, గుంటలో నాలుగైదు చోట్ల విసురు వల వేయండి. ఎండెక్కక ముందే కానివ్వండి. వంద రొయ్యలు తూచి సగటు బరువు తీసుకోండి. మన వాళ్లు కౌంటులోనే మాట్లాడతారు కాబట్టి గుర్తుకి: పది గ్రాములంటే వంద కౌంటు, ఇరవై అంటే యాభై, ఇరవై ఐదంటే నలభై. వారానికి ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు పెరుగుతుంటే దారిలో ఉన్నట్టే.

ఇప్పుడు లెక్క. లక్ష పిల్ల దించారు, అరవై రోజులకి ఎనభై వేలు ఉన్నాయనుకుంటున్నారు, సగటు పది గ్రాములు. గుంటలో 800 కిలోల రొయ్య. పది గ్రాముల రొయ్యకి బరువులో మూడున్నర శాతం వేయాలి, అంటే రోజుకి 28 కిలోలు. ఐదు గ్రాముల రొయ్యకి ఐదు శాతం దగ్గర, పదిహేను గ్రాములకి మూడు లోపు, ఇరవైకి రెండున్నర లోపు. రొయ్య పెరిగే కొద్దీ మేత కిలోలు పెరుగుతాయి, శాతం తగ్గుతుంది.

ఈ లెక్కకి బలహీనత ఒకటుంది. ఎనభై వేలున్నాయన్నది మన నమ్మకమే. అరవై వేలే ఉంటే రోజుకి ఏడు కిలోలు అడుక్కి పోతాయి. అందుకని లెక్కకీ ట్రేకీ తగాదా వస్తే ట్రే మాటే వినండి. తిన్న మేత నుంచి వెనక్కి లెక్క కట్టి బతికిన రొయ్య ఎంతుందో తెలుసుకోండి. 21 కిలోలే తింటున్నాయంటే గుంటలో రొయ్య 600 కిలోలే.

ఏ పూట ఎంత

పొద్దున ఆరున్నర, పదకొండు, మూడున్నర, సాయంత్రం ఏడు. నాలుగు పూటలూ సమానంగా పంచకండి. 28 కిలోలైతే పొద్దున ఏడు, పదకొండింటికి ఎనిమిదిన్నర, మూడున్నరకి ఏడున్నర, రాత్రికి ఐదు. రాత్రి తక్కువ ఎందుకంటే చీకటి పడ్డాక ఆక్సిజన్ తయారుకాదు, ఉన్నది ఖర్చవుతూ పోతుంది. తెల్లవారుజామున ఐదింటికి అది అన్నిటికన్నా తక్కువకి పడిపోతుంది. మిగిలిన మేత కుళ్లడానికీ అదే ఆక్సిజన్ కావాలి. ఐదింటికి ఆక్సిజన్ మీటరు పెట్టి చూసినప్పుడు మూడు పీపీఎం లోపుంటే పొద్దున మేత ఆపండి. ఎండ ఎక్కి నాలుగు దాటాకే వేయండి. ఆక్సిజన్ లేని రొయ్య ఒకవేళ తిన్నా అరగదు.

మేత చల్లే ముందు ఏరేటర్లు ఆపి, గంట తరవాత మళ్లీ వేయండి. రాత్రి పూట మాత్రం సగమన్నా ఆడుతూ ఉండాలి. ఏరేటర్ల విసురుకి శుభ్రమయ్యే చోట్లు మీ గుంటలో ఎక్కడెక్కడ ఉన్నాయో కాలితో తడిమి తెలుసుకుని అక్కడే చల్లండి. చెత్త చేరే నడిమధ్యలో వద్దు. థర్మాకోల్ తెప్ప మీద వెళ్లి చల్లే మనిషికి ఈ సంగతి మీరే తెప్ప ఎక్కి చూపించండి. తొందరగా అయిపోవాలని ఒకే చోట కుమ్మరించడం, గాలికి ఎదురుగా విసరడం మామూలే. రోజుకి వందల రూపాయలు ఆ ఒక్క మనిషి చేతిలో ఉంటాయి. పని తీరు నేర్పి, మంచి కూలి ఇచ్చి పంటంతా ఒకే మనిషిని పెట్టుకోండి.

ఎండ, వాన, అమావాస్య

నీళ్ల వేడి 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే రొయ్య చక్కగా తిని అరిగించుకుంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నానికి 33, 34కి పోతుంది. అప్పుడు రొయ్య గబగబా తింటుంది, ట్రేలు ఖాళీ అవుతాయి, మనకి సంబరం. కానీ తిన్నది సరిగా అరగకుండానే బయటికి పోతుంది. ఆ రోజుల్లో ట్రే ఖాళీ అయినా పెంచకండి, మూడున్నర పూట తగ్గించి పొద్దున పూటకి కలపండి. ధనుర్మాసం చలిలో పొద్దున నీళ్లు 25 లోపుంటే మొదటి పూట ఎనిమిదింటికి జరపండి, మొత్తం మీద పావు వంతు తగ్గించండి.

మన జిల్లాలకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు సూర్యుడు కనబడడు. వాన దంచుతున్నంతసేపూ మేత లేదు. పైన మంచినీళ్ల పొర చేరితే తూము పైచెక్క తీసి దాన్ని బయటికి వదలండి, ఏరేటర్లు ఆపకండి. వాన వెలిశాక సగం మేతతో మొదలుపెట్టి, ట్రే చూసుకుంటూ రెండు మూడు రోజుల్లో మామూలుకి రండి. ప్లాంక్టన్ చచ్చి నీళ్లు తేటపడితే ఇంకో రోజు ఆగండి.

అమావాస్య, పౌర్ణమి దగ్గర చాలా రొయ్య ఒకేసారి పెంకు విడుస్తుంది. విడిచే ముందు, విడిచాక ఒక రోజు దానికి తిండి మీద ధ్యాస ఉండదు. ట్రేలో పెంకులు కనబడగానే రెండు రోజులు ఇరవై నుంచి ముప్పై శాతం తగ్గించండి. అప్పుడు మేత కన్నా మినరల్స్ అవసరం ఎక్కువ. బోరు నీళ్లు కలిపే తక్కువ ఉప్పు గుంటల్లో మెగ్నీషియం, పొటాషియం లోటు ఉంటే పెంకు గట్టిపడక లూజ్ షెల్ వస్తుంది. మినరల్స్ సాయంత్రం, రొయ్య పెంకు విడిచే రాత్రికి ముందు వేయండి. పెంకు గట్టిపడ్డాక ఆకలి విపరీతంగా ఉంటుంది, అప్పుడు పెంచితే ఒంటికి పడుతుంది.

మేతలో కలిపేవి

విటమిన్ సి, ప్రోబయోటిక్, మినరల్ జెల్ ఏది కలిపినా బైండరుతో, అంటే గింజకి అంటించే జిగురుతో, పట్టించి, నీడన అరగంట ఆరబెట్టి చల్లండి. ఎండలో ఆరబెడితే పెట్టిన డబ్బు ఎండకే పోతుంది. ప్రతి పూటా కలపక్కర్లేదు, రోజుకి ఒక పూట చాలు. అంగడిలో చెప్పిన ప్రతి డబ్బా కొనక్కర్లేదు కూడా.

యాంటీబయోటిక్ మాత్రం ఒక్క గ్రాము కూడా వద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ఆక్వాలో నిషేధం. పట్టుబడి ముందు చేసే పరీక్షలో బయటపడుతుంది, అక్కడ తప్పించుకున్నా విదేశీ రేవులో కంటైనరు ఆగుతుంది. ఒక్క రైతు చేసిన పనికి మొత్తం సరుకు మీద నిఘా పెరుగుతుంది. పేరు లేని పొడి పొట్లం ఎవరిచ్చినా మేతలో కలపకండి.

పుస్తకం, పట్టుబడి

ఒక నోటు పుస్తకం షెడ్డులో వేలాడదీయండి. తేదీ, పూటకి వేసిన కిలోలు, ట్రేలో మిగిలింది, ఐదింటి ఆక్సిజన్, చచ్చిన రొయ్య. ఐదు గడులు చాలు. చివర్లో మొత్తం మేతని పట్టిన రొయ్యతో భాగిస్తే ఎఫ్‌సీఆర్ వస్తుంది. అంటే కిలో రొయ్యకి పట్టిన మేత. 1,950 కిలోల మేతకి 1,500 కిలోల రొయ్య వస్తే 1.3. అదే రొయ్యకి 1.6 పడితే 450 కిలోలు ఎక్కువ ఖర్చయినట్టు, అంటే 25 కిలోల బస్తాలు పద్దెనిమిది. కిలో 90 రూపాయలనుకున్నా నలభై వేల ఐదొందలు. అంత డబ్బు గుంట అడుగున బురదగా మారి, ఆ బురదే మళ్లీ రొయ్యకి జబ్బు తెచ్చిపెడుతుంది.

మధ్యలో కొంత రొయ్య తీసి మిగతాది పెంచేట్టయితే, తీసిన కిలోల లెక్కన మేత ఆ రోజే తగ్గించండి. వల తిప్పిన గుంటలో రొయ్య బెదిరి ఉంటుంది, ఆ రాత్రి పూట మానేయడం మేలు. పూర్తి పట్టుబడికైతే ముందు రాత్రి నుంచి మేత ఆపండి.

పట్టుబడి అయి గుంట ఎండాక ఒక పూట కేటాయించి అడుగంతా నడవండి. నల్లగా, మందంగా బురద పేరుకున్న చోట్లు కనబడతాయి. మీ మేత ఎక్కడ తిండి కాకుండా పోయిందో ఆ మచ్చలే చూపిస్తాయి. మట్టి గీకించే ముందు ప్రతి మచ్చకీ ఎదురుగా గట్టు మీద ఒక వెదురు కర్ర పాతండి. వచ్చే పంటలో తెప్ప మీద చల్లే మనిషి ఆ కర్రల ఎదుటికి వచ్చినప్పుడు చెయ్యి ఆపాలి.